పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆర్కిడ్ విత్తనం సీసాలో మొలిచేదెలా?

గత సంచికలో శేషాచలం కొండల ఆర్కిడ్‌ల గురించి రాస్తూ, అంతరించిపోయే దశకు చేరిన ఆర్కిడ్ జాతులను విత్తనాల నుంచి ప్రయోగశాలల్లో పెంచుతున్నారని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని రాసినవే. ఒకే సంగతి అడిగినవారి ప్రశ్నలను కలిపి, కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక ఆర్కిడ్ కాయలో వేల నుంచి లక్షల దాకా విత్తనాలు ఉంటాయని చదివాను. అన్ని విత్తనాలు ఇచ్చే మొక్క అరుదైపోవడం ఏమిటి? వాటిని కుండీలో చల్లుకుంటే సరిపోదా? ప్రయోగశాల దాకా ఎందుకు వెళ్లాలి?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: మీకు వచ్చిన సందేహమే చార్లెస్ డార్విన్‌కూ వచ్చింది. ఆర్కిడ్‌ల మీద 1862లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఇంగ్లండు పచ్చికల్లో పెరిగే ఒక ఆర్కిడ్ కాయలో సుమారు 6,200 విత్తనాలున్నాయని లెక్కగట్టాడు. ఆ మొక్కకు 30 కాయలున్నాయి కనుక మొత్తం 1,86,000కు పైగా విత్తనాలని తేల్చాడు. ఇవన్నీ బతికి పిల్లలు పెడుతూ పోతే మునిమనవల తరానికి భూమ్మీద నేలంతా ఆ మొక్కే పరుచుకుంటుందని చెప్పి, మరి అలా జరగకుండా అడ్డుపడుతున్నది ఏమిటో తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అడ్డుపడుతున్నది విత్తనంలోని లేమి. శనగలను తడిగుడ్డలో మూటగడితే మర్నాటికో మూడో నాటికో మొలక రావడానికి కారణం తల్లిమొక్క ప్రతి గింజలోనూ కట్టిపెట్టిన సద్దిమూట. శనగలో అది పప్పు బద్దల రూపంలో ఉంటుంది, వరిలో మనం అన్నం వండుకునే భాగమే అది. ఆర్కిడ్ తల్లి మాత్రం లక్షల మంది పిల్లలను కని ఎవరికీ సద్ది కట్టకుండా గాలిలోకి పంపేస్తుంది. ఆ విత్తనంలో సన్నని వల వంటి పొర, దాని నడుమ కొన్ని పదుల నుంచి వంద, రెండు వందల వరకు కణాలున్న పిండం తప్ప మరేమీ ఉండదు. వేరుగా మారేది ఏదో, ఆకుగా మారేది ఏదో కూడా ఆ దశలో విడివడి ఉండదు. ఒక్కో విత్తనం బరువును మైక్రోగ్రాముల్లోనే చెప్పాలి. అరచేతిలో పోసుకొని మాట్లాడితే ఊపిరికే ఎగిరిపోతుంది.

అడవిలో ఆ ధూళి చెట్టు బెరడు మీదనో ఆకులు కుళ్లిన మట్టిలోనో పడినప్పుడు, అక్కడే బతికే ఒక రకం శిలీంధ్రం పోగు పిండంలోకి చొచ్చుకొని వస్తే, ఆ పోగులను జీర్ణం చేసుకొని అది తెచ్చిన చక్కెరతో పిండం పెరుగుతుంది. శిలీంధ్రం తగలని విత్తనం అక్కడే ఎండిపోతుంది. ఈ సంబంధాన్ని 1899లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ బయటపెట్టాడు. అంతకుముందు యూరప్ తోటమాలులు విత్తనాలను తల్లిమొక్క మొదట్లోనే చల్లి, అప్పుడప్పుడు నాలుగు మొలకలు రావడం చూసి, అది తల్లి నీడ మహిమ అనుకునేవారు. నిజానికి ఆ మహిమ తల్లి వేళ్లలోని శిలీంధ్రానిది. మీరు కుండీలో చల్లినా అదే అదృష్టం మీద ఆధారపడాలి.

శిలీంధ్రం ఇచ్చేది ప్రధానంగా చక్కెరే అయితే ఆ చక్కెరను మనమే ఇస్తే సరిపోదా అని ఆలోచించినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు లూయిస్ నడ్సన్. 1922లో ఆయన లవణాలు, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసే అగార్ కలిపిన జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలు మొలుస్తాయని నిరూపించాడు. చిక్కల్లా ఆ చక్కెరే. తీపి ఉన్నచోటికి గాలిలోని బూజులన్నీ వచ్చి వాలతాయి, విత్తనం కన్ను తెరవకముందే అవి సీసాను ఆక్రమిస్తాయి. అందుకే సూక్ష్మజీవి చొరబడని సీసా, ఆ సీసా కోసం ప్రయోగశాల అవసరమయ్యాయి.

ప్రశ్న: ఆ సీసాలో జరిగే పనిని మా పిల్లలకు కళ్లకు కట్టినట్లు చెప్పాలి. మొదటి నుంచి చివరి దాకా ఏం చేస్తారో వివరించండి.
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: పని సీసా దగ్గర కాదు, పువ్వు దగ్గర మొదలవుతుంది. ఆర్కిడ్ పువ్వులో పుప్పొడి మందార పువ్వులోలాగా పొడిగా రాలదు. అది మైనంలా ముద్దకట్టి, పువ్వు నడుమ ఉన్న కురచ స్తంభం కొనలో ఒక చిన్న టోపీ కింద దాగి ఉంటుంది. పళ్లు కుట్టుకునే పుల్ల కొనతో ఆ టోపీని పైకి ఎత్తితే రెండు పసుపుపచ్చని పూసలు పుల్లకు అతుక్కొని బయటికి వస్తాయి. వాటిని మరో మొక్క పువ్వులో, అదే స్తంభం కిందివైపున జిగురుగా మెరిసే గుంటలో అద్దాలి. మరో మొక్క అని ఎందుకు అన్నానో ఇంకొక పాఠకురాలి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చెబుతాను. కొద్ది రోజుల్లో రేకులు వాడి, పువ్వు వెనుక కాడలా కనిపించే భాగం ఉబ్బడం మొదలైతే పరాగసంపర్కం కుదిరినట్లు. అది ముదిరి కాయ కావడానికి జాతిని బట్టి కొన్ని నెలలు పడుతుంది, కొన్నింటికి ఏడాదికి దగ్గరగా కూడా పడుతుంది.

కాయ పూర్తిగా పండి పగిలేదాకా ఆగకుండా, ముప్పాతిక వంతు ముదిరాక పచ్చిగా ఉండగానే కోయడం మంచి పద్ధతి. దీనికి కారణాలు రెండు. పగలని కాయ లోపల ఏ సూక్ష్మజీవీ ఉండదు కనుక పైతోలును శుభ్రం చేస్తే చాలు. పైగా కొన్ని జాతుల్లో, ముఖ్యంగా నేలలో పెరిగే ఆర్కిడ్‌లలో, విత్తనం పూర్తిగా ముదిరితే పొర గట్టిపడి మొలవడానికి మొరాయిస్తుంది. కాయ పగిలిపోయాక దొరికిన విత్తనాలనైతే నేరుగా పలుచని సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ ద్రవంలో కొన్ని నిమిషాలు ముంచి, శుద్ధజలంతో కడిగి వాడుకోవాలి. ఈ పద్ధతిలో సమయం కాస్త ఎక్కువైనా బూజుతోపాటు పిండమూ చస్తుంది.

పచ్చికాయను సబ్బు నీళ్లలో మెత్తని బ్రష్‌తో రుద్ది కడిగి, 15 నుంచి 20 నిమిషాలు హైపోక్లోరైట్‌లో ఉంచి, లామినార్ ఫ్లో అనే, వడగట్టిన గాలి నిరంతరం ముఖం మీదికి వీచే బల్ల మీదికి చేరుస్తారు. అక్కడ 70 శాతం ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి మంట మీద క్షణకాలం చూపిస్తారు. నీలిమంట గుప్పుమని లేచి ఆరిపోతుంది, కాయకు ఏమీ కాదు. తర్వాత కాల్చి చల్లార్చిన కత్తితో నిలువునా చీలిస్తే, లోపల పట్టుపోగుల వంటి సన్నని దారాల మధ్య మీగడ రంగులో తడి పిండిలా విత్తనాలు కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఇది కాయ లోపలి గుజ్జనీ, విత్తనాలు ఇంకా లోపల ఉన్నాయనీ అనుకొని వెతికాను. ఆ పిండే విత్తనాలు. కత్తి మొనకు అంటినంత తీసి జెల్లీ మీద పలుచగా పరిచి మూత బిగిస్తారు. కత్తి మొనకు అంటినంత అంటే కొన్ని వందల ప్రాణాలు.

ఇక జెల్లీ సంగతి. నడ్సన్ పేరుతోనే ఇప్పటికీ వాడుతున్న, 1946 నాటి యానకంలో లీటరు నీటికి కాల్షియం నైట్రేట్ 1 గ్రాము, అమ్మోనియం సల్ఫేట్ అర గ్రాము, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ పావు గ్రాము చొప్పున, పిసరంత ఇనుము, మాంగనీసు లవణాలు, 20 గ్రాముల చక్కెర ఉంటాయి. గట్టిపడడానికి అగార్ కలిపి, ఆమ్లత (pH) 5.5కు అటూఇటుగా సరిచేసి, 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు, ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో ఉడికిస్తారు. చాలామంది దీనికి లేత కొబ్బరి నీళ్లు, పండిన అరటిపండు గుజ్జు, మొక్కలు వదిలే నల్లని వ్యర్థాలను పీల్చుకునే బొగ్గుపొడి కూడా కలుపుతారు. తిరుపతిలో ఈ పనికి కావలసిన సరంజామాలో ఉత్తరాలు, కొటేషన్లు లేకుండా వీధి చివరే దొరికేవి కొబ్బరి బోండాం, అరటిపండు మాత్రమే.

25 డిగ్రీలకు దగ్గరగా ఉంచిన గదిలో, చెట్లమీద పెరిగే జాతులైతే వెలుతురులో, నేల ఆర్కిడ్‌లు చాలావరకు చీకట్లో, సీసాలు నిరీక్షిస్తాయి. కొన్ని వారాల తర్వాత పిండం ఉబ్బి పొరను చీల్చుకొని, ఆకుపచ్చని గుండుసూది తలలా మారుతుంది. దీనిని ప్రోటోకార్మ్ అంటారు. భూతద్దంతో చూస్తే దాని అడుగున సన్నని నూగు, కొనలో చిన్న నొక్కు కనిపిస్తాయి. ఆ నొక్కులోంచే తొలి ఆకు వస్తుంది, ఆ తర్వాత ఎప్పటికో వేరు. సీసాలో కిక్కిరిసిన మొలకలను రెండు, మూడుసార్లు కొత్త జెల్లీ మీదికి మార్చుతూ, ఏడాది నుంచి ఏడాదిన్నర పెంచితే, వేలెడంత లోపే ఉన్న మొక్క బయటికి రావడానికి సిద్ధమవుతుంది. పువ్వు చూడాలంటే ఇంకా కొన్నేళ్లు ఆగాలి. పిల్లలకు ఈ కాలపు లెక్క తప్పకుండా చెప్పండి. ఆరో తరగతిలో విత్తితే పదో తరగతి పరీక్షల నాటికి పూసినా పూయవచ్చు, పూయకపోనూ వచ్చు.

మధ్యలో ఏం జరగవచ్చో కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో మే నెలలో రెండు రోజులు విద్యుత్తు లేక ఏసీలు ఆగిపోయాయి. సీసాల్లో బూజు ఒక్క చుక్క కూడా లేదు, అయినా వారం తిరిగేసరికి ప్రోటోకార్మ్‌లన్నీ టీపొడి రంగుకు తిరిగాయి. బూజుకు భయపడి కాపలా కాసిన మేము తిరుపతి ఎండను లెక్కలోకి తీసుకోలేదు.

ప్రశ్న: మా తోటలో పాత మామిడి చెట్ల మీద బదనిక పట్టింది. చెట్టు సారం పీల్చేస్తుంది, కోసి పారేయమని కొందరు, అది మందుమొక్క, ఆర్కిడ్ అని కొందరు చెబుతున్నారు. ఏది నిజం?
– రైతు, పలమనేరు

జవాబు: మన వాడుకలో రెండు వేర్వేరు మొక్కలకు బదనిక అన్న పేరే ఉండడం వల్ల వచ్చిన తంటా ఇది. ఒకటి గుండ్రటి దళసరి ఆకులతో గుబురుగా పెరిగి, కొమ్మలోకి తన వేరును దించి అక్కడ కణుపులా ఉబ్బేటట్లు చేసే పరాన్నజీవి. దీనిని కొమ్మతో సహా కోయించండి. రెండవది వందా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్. దీని ఆకులు పట్టీల్లా సన్నగా, పొడుగ్గా, నడుమ మడత పెట్టినట్లుగా కాండానికి ఇరువైపులా రెండు వరుసల్లో ఉంటాయి. వేళ్లు తెల్లగా, లావుగా బెరడును కరచుకొని ఉంటాయి లేదా గాలిలో వేలాడుతాయి. వాటిపై నీళ్లు చల్లి చూడండి: తెల్లని వేరు చూస్తుండగానే పచ్చబడితే అది ఆర్కిడ్. ఆ తెల్లని పొర స్పాంజిలా వాననీటిని, మంచును పీలుస్తుంది. చెట్టు లోపలికి దిగదు, చెట్టు సారం ముట్టదు. పసుపు, గోధుమ రంగుల గళ్లతో, ఊదారంగు పెదవితో పూసే వాసనగల పువ్వు కనిపిస్తే ఇక సందేహమే అక్కరలేదు.

దీని వేళ్లను కొన్ని ప్రాంతాల్లో రాస్నా పేరుతో మందుల్లో వాడతారు. మన దక్షిణాదిలో ఆ పేరుతో ఎక్కువగా దుంపరాష్ట్రాన్ని వాడతారు. వేళ్ల కోసం మొక్కలను పెరికే వ్యాపారులు మీ తోటకు వస్తే దయచేసి అమ్మకండి. మీ చెట్టు మీది మొక్కకు కాయలు కాస్తే, దగ్గరలోని కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి కబురు చేయండి. అడవిలో అడుగుపెట్టకుండా దొరికే కాయ వాళ్లకు పండగే.

ప్రశ్న: మా ఇంట్లో డెండ్రోబియం ఆర్కిడ్ కుండీలు ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్‌తో ఇంట్లోనే ఆర్కిడ్ విత్తనాలు మొలిపించవచ్చని విన్నాను. సాధ్యమేనా?
– గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: సాధ్యమేనమ్మా. కుక్కర్ వెయిట్ పెట్టి ఆవిరి నిలిచినప్పుడు లోపలి ఒత్తిడి ఆటోక్లేవ్‌లో పెట్టే, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడికి ఇంచుమించు సమానం. జెల్లీ పోసిన జాం సీసాలను మూడో వంతుకు మించి నింపకుండా, మూతలు కొంచెం వదులుగా ఉంచి, మొదటి విజిల్ తర్వాత సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. దించాక వెయిట్ ఎత్తి ఆవిరి వదలకండి. ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే జెల్లీ పొంగి మూతలు తడుస్తాయి, తడిసిన మూత అంచు నుంచే బూజు దిగుతుంది. తనంతట తాను చల్లారాక మూతలు బిగించి, విత్తనాలు వేయకుండా వారం రోజులు అలాగే పక్కన పెట్టండి. ఆ వారంలో తెల్లని దూదో, జిగట చుక్కలో కనిపించిన సీసాను పారేసి, మిగిలినవాటినే వాడండి. తొందరపడేవారు నష్టపోయేది ఈ వారం దగ్గరే.

విత్తనాలు వేసే పని ఫ్యాను ఆపిన గదిలో, ముందువైపు చేతులు పట్టేటన్ని రంధ్రాలు చేసిన పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో, స్పిరిట్‌తో తుడిచి చేసుకోవచ్చు. అయితే మూసిన పెట్టెలో స్పిరిట్ ఆవిరి నిండి ఉండగా దీపం, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. ఇంట్లో కాయను మంట మీద చూపించే అంకం అక్కరలేదు, బ్లీచింగ్ ద్రవమే చాలు. మీ కుండీల్లోని సంకర జాతి కాయలతోనే ఈ సరదా తీర్చుకోండి. అరుదైన జాతి కాయ ఒకటి చేతికి వస్తే దాని మీద చెయ్యి తిప్పుకోవడం నేర్చుకోకూడదు.

ప్రశ్న: ఒక్క మొక్క కణజాలం నుంచే వేల మొక్కలు తయారు చేయవచ్చు కదా. అరటి విషయంలో రైతులందరూ అదే చేస్తున్నారు. అంతరించిపోతున్న ఆర్కిడ్‌లకు మళ్లీ విత్తనం, కాయ, ఏళ్ల తరబడి నిరీక్షణ ఎందుకు?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆర్కిడ్‌లలో ఆ దారి తెరిచినవాడు ఫ్రాన్సుకు చెందిన జార్జ్ మొరెల్. 1960లో ఆయన సింబిడియం చివురు కొన కణజాలం నుంచి మొక్కలు తీశాడు. పువ్వులు అమ్ముకునే వారికి అది వరం, ఎందుకంటే వారికి వెయ్యి మొక్కలూ ఒకే రంగులో, ఒకే ఎత్తులో కావాలి. అడవికి కావలసింది సరిగ్గా దీనికి విరుద్ధం. ఒకే తల్లి నకళ్లను వెయ్యి నాటితే, ఒక తెగులో ఒక కరవో వచ్చినప్పుడు వెయ్యీ ఒకేలా పోతాయి. కొన్ని జాతుల్లో నకలు పువ్వుల మధ్య పుప్పొడి మారినా కాయ కట్టదు. విత్తనం నుంచి వచ్చిన పిల్లలు ఒకే కాయలోనివైనా అన్నదమ్ముల్లా వేరువేరుగా ఉంటాయి. అందుకే వేరే మొక్క పుప్పొడి అద్దాలని పైన రాశాను. ఇంకా మంచిది, వీలైనన్ని వేర్వేరు చోట్ల మొక్కల నుంచి కాయలు కట్టించి, ఏ సీసా ఏ తల్లిదండ్రులదో తప్పకుండా రాసి ఉంచడం. చీటీ లేని సీసాలోని మొక్క ఎంత ఏపుగా పెరిగినా పునరుద్ధరణకు పనికిరాదని నేను విద్యార్థులతో గట్టిగానే అనేవాణ్ణి.

విత్తనానికి ఇంకొక సదుపాయం ఉంది. తేమను పీల్చే సిలికా జెల్ దగ్గర ఆరబెట్టి, గాలి చొరని చిన్న గొట్టంలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చాలా జాతుల విత్తనాలు ఏళ్లపాటు బతుకుతాయి. ఒక జాతి విత్తనాలన్నీ అగ్గిపెట్టెలో సగం చోటు కూడా ఆక్రమించవు. తడిగా దాస్తే మాత్రం నెలల్లోనే చస్తాయి.

2019 నాటికి మన దేశంలో అధికారికంగా లెక్కకు వచ్చిన ఆర్కిడ్ జాతులు 1,256. వాటిలో 388 మన దేశం తప్ప మరెక్కడా లేనివి. అలాంటి ఒకదాని కథ మీ పరిశోధనకు పనికివస్తుంది. పాఫియోపెడిలం డ్రూరీ అనే పసుపుపచ్చని పాదరక్ష ఆర్కిడ్ కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమలకే పరిమితం. ఈ ప్రజాతిలో దక్షిణ భారతానికి ఉన్నది ఇదొక్కటే. సేకరణదారులు పెరికివేయడం వల్ల ఇది అడవిలో దాదాపు కనబడకుండా పోయింది. కేరళలోని పాలోడ్ ఉద్యాన పరిశోధన సంస్థ దీనిని ప్రయోగశాలలో పెంచి కాపాడే పనికి పూనుకుంది. తిరుపతివారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడే ఉంది: 1874లో ఈ ఆర్కిడ్‌కు శాస్త్రీయ నామం పెట్టిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ మద్రాసు రాజధాని అటవీ అధికారి. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప కనిపించని సైకస్ బెడ్డోమీ పేరులో ఉన్నది ఆయనే.

ఓపిక ఎంత కావాలో చెప్పడానికి ఇంగ్లండు ఉదాహరణ చాలు. అక్కడ సిప్రిపీడియం కాల్సియోలస్ అనే పాదరక్ష ఆర్కిడ్ అంతరించిందని అనుకున్న తర్వాత, 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క దొరికింది. ఆ చోటు బయటికి పొక్కకుండా దశాబ్దాలపాటు కాపలా కాశారు. 1983లో లండన్‌లోని క్యూ వృక్షోద్యానం శాస్త్రజ్ఞులు పచ్చికాయల విత్తనాలతో పని మొదలుపెట్టారు. 1989లో మొదటి మొక్కలను అడవిలో నాటితే, వాటిలో పువ్వు పూసింది 2000లో. మూడేళ్ల ఫెలోషిప్‌లో ఇమిడే పని కాదు ఇది. కాబట్టి మీరు మొలక శాతం దాకా చేసి, సీసాలను తర్వాతి విద్యార్థికి అప్పగించే ఏర్పాటు ముందే చేసుకోండి.

ప్రశ్న: శేషాచలం అడవికి వెళ్లినప్పుడు ఆర్కిడ్ కాయలు తెచ్చి మీవంటి వారికి ఇవ్వవచ్చా?
– ఇద్దరు ముగ్గురు పాఠకులు

జవాబు: ఇవ్వవద్దు. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో కాయ కాదు కదా, రాలిన కొమ్మ తేవడానికీ అనుమతి కావాలి. పరిశోధకులు కూడా అటవీశాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకొనే వెళతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొక్కల కోసం చేర్చిన జాబితాలో చాలాకాలం ఆరు పేర్లే ఉండేవి. వాటిలో మూడు ఆర్కిడ్‌లు: నీలి వందా, ఎర్ర వందా, పాదరక్ష ఆర్కిడ్‌లు. మన సైకస్ బెడ్డోమీ వాటి సరసనే ఉండేది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పరిధిలో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉంది. అయితే సూక్ష్మజీవులు లేని సీసాలో పెంచి, ఆ సీసాలోనే తరలించే మొలకలకు ఆ ఒప్పందం మినహాయింపు ఇస్తుంది. అడవి మొక్కను పెరకనక్కరలేని దారి కావడమే అందుకు కారణం.

ప్రశ్న: ఒక ప్రదర్శనలో సీసాలోని ఆర్కిడ్ మొలకలు కొన్నాను. సీసాలో ఉన్నన్నాళ్లు పచ్చగా ఉన్నాయి, బయటికి తీసి కుండీలో పెట్టిన పది రోజులకు ఒక్కటీ మిగల్లేదు. తప్పు ఎక్కడ జరిగింది?
– విశ్రాంత ఉద్యోగి, చంద్రగిరి

జవాబు: మీరు ఏ నెలలో తీశారో రాయలేదు, కాని మార్చిలోనో ఏప్రిల్‌లోనో అయి ఉంటుందని నా అనుమానం. నేనూ ఒకసారి మార్చి నెలాఖరులో ఒక ట్రే నిండా మొక్కలు బయట పెట్టి, మే నెలకు ఖాళీ ట్రే కడుక్కున్నాను. విత్తనాన్ని మొలిపించడం కంటే మొలకను సీసా దాటించడం కష్టమని ఈ పనిలో ఉన్నవారంతా చెబుతారు. పత్రికల్లో మాత్రం సీసాల ఫొటోలే వస్తాయి.

సీసా లోపల గాలి పూర్తిగా తేమతో నిండి ఉంటుంది. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర పలుచగా ఉంటుంది, ఆకు రంధ్రాలకు సరిగ్గా మూసుకోవడం అలవాటు కాదు. బయటి పొడిగాలి తగలగానే ఉన్న నీరంతా పోగొట్టుకొని వాలిపోతుంది. కాబట్టి మన ప్రాంతంలో ఆగస్టు వానలు మొదలయ్యాక, ఇంకా మంచిది ఈశాన్య రుతుపవనం దిగిన అక్టోబరు, నవంబరు నెలల్లో బయటికి తీయాలి. తీయడానికి ముందు వారం రోజులు సీసాలను నీడపట్టున వరండాలో ఉంచి, చివరి రెండు రోజులు మూత వదులు చేయండి. గోరువెచ్చని నీళ్లలో వేళ్ల మధ్య ఉన్న జెల్లీని పూర్తిగా కడగండి. పిసరు మిగిలినా అందులోని తీపికి బూజు పట్టి వేరు కుళ్లుతుంది. పలుచని శిలీంధ్రనాశినిలో ముంచి, ఇటుక ముక్కలు, బొగ్గు, కొబ్బరి పీచు కలిపిన తొట్టిలో పది పదిహేను మొక్కలను దగ్గర దగ్గరగా నాటండి. ఒంటరి మొక్క కంటే గుంపులోనిది తేమను నిలుపుకుంటుంది. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ మూత కప్పి, వారానికి రెండు మూడు రంధ్రాల చొప్పున పెంచుతూ పోతే నెల, నెలన్నరకు మూత అక్కరలేకుండా పోతుంది. నీడ వల కింద ఉంచండి. చాలా ఇళ్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆకు కొనలు మాడతాయి. మిద్దె మీద పట్టిన వాననీళ్లు వాడండి.

మొక్క అరచేతి పొడవుకు వచ్చాక చెట్టుకు కట్టుకోవచ్చు. మామిడి, చింత వంటి గరుకు బెరడు చెట్లు మంచివి. జామ, తెల్లమద్ది వంటివి బెరడును పెచ్చులుగా రాల్చుకుంటాయి, మొక్కా దాంతోపాటే రాలుతుంది. కొమ్మ చీలిన చోటుకు కొంచెం కింద, పడమటి ఎండ తగలని వైపు, ఇప్పటికే ఆర్కిడ్‌లు ఉన్న చెట్టయితే వాటి వేళ్లకు దగ్గరగా కట్టండి. సీసాలో శిలీంధ్రం లేకుండా పెరిగిన మొక్కకు అక్కడి బెరడులో అది ఎదురవుతుంది. ఉదయం, సాయంత్రం నీళ్లు చిలకరించండి. రాత్రిపూట టార్చి వేసి నత్తలను ఏరివేయండి, అవి ముందు వేరు కొననే కొరుకుతాయి. నైలాన్ దారం వద్దు, నూలు దారం వాడండి. కొత్త వేరు పచ్చని కొనతో బయటికి వచ్చి, బెరడును తాకిన చోట చదునుగా అతుక్కుపోతే మొక్క నిలిచినట్లే. అప్పుడు దారం కోసేయవచ్చు. మరిచిపోయినా ఫరవాలేదు, రెండు వానాకాలాలకు అదే కుళ్లి రాలిపోతుంది.